ఎసరు మరిగేలోపు: పనుల ఒత్తిడి మధ్య దేవుని సన్నిధిని గుర్తుపట్టడం ఎలా

తెల్లవారకముందే లేచి క్యారేజీ కట్టుకుని గుణుపురం పాసింజరు అందుకునేవాళ్లున్నారు. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో కొట్టు తెరిచి, మధ్యాహ్నం ఏరు దాటి పాతపట్నం వెళ్లి సరుకు తెచ్చుకుని, రాత్రి ఒడియా బడిలో చదివే పిల్లలకు పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దించేవాళ్లున్నారు. బరంపురం ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ చేసే నర్సులున్నారు. ఆదివారం ఆరాధనలో దేవుని సన్నిధి ఉందా అని అడిగితే వీళ్లంతా ఉందనే చెబుతారు. సోమవారం పదకొండు గంటలకు అదే ప్రశ్న అడిగితే నోట మాట రాదు. ఇక్కడ రాసినదంతా ఆ సోమవారం పదకొండు గంటల కోసం.

పద్నాలుగు రోజులకు సరిపడా పని ఇది. జేబులో పట్టే చిన్న నోటు పుస్తకం, పెన్ను ఉంటే చాలు. ఉపవాసం అక్కర్లేదు, సెలవు పెట్టక్కర్లేదు. రోజు మొత్తం మీద అదనంగా పట్టే సమయం ఇరవై నిమిషాల లోపే.

మొదట ఒక మాట సరిచేసుకోవాలి

మన కూటాల్లో "దిగి రా ప్రభువా" అని ప్రార్థించడం అలవాటు. ఆ ప్రార్థనలో తప్పేమీ లేదు. కానీ వినీ వినీ మనసులో ఒక బొమ్మ స్థిరపడుతుంది: దేవుడు ఎక్కడో దూరంగా ఉంటాడు, గట్టిగా పిలిస్తే వస్తాడు, వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, కన్నీళ్లు వస్తాయి, తర్వాత వెళ్లిపోతాడు. ఈ బొమ్మతో మొదలుపెడితే రెండో రోజుకే నిరాశ పడతారు. ఎందుకంటే పప్పు తాలింపు వేస్తూనో, బ్యాంకు లైన్లో నిలబడో ఒళ్లు జలదరింపు రాదు.

బేతేలులో యాకోబు సంగతి గుర్తు తెచ్చుకోండి. ఇల్లు వదిలి పారిపోతున్నాడు, రాయి తలగడగా పెట్టుకుని ఆరుబయట పడుకున్నాడు. నిద్ర లేచి అతను అన్నది, దేవుడు ఈ చోట ఉన్నాడు, నాకే తెలియలేదు అని (ఆదికాండము 28:16). దేవుడు ముందే అక్కడ ఉన్నాడు. మారింది యాకోబు ఎరుక.

కాబట్టి మీరు నేర్చుకోబోయేది దేవుణ్ణి రప్పించడం ఎలాగని కాదు. ఉన్నవాడి వైపు మనసు తిప్పడం. తిప్పడం అనే మాటనే పట్టుకోండి. తల తిప్పినట్టు చిన్న పని అది, రెండు క్షణాలు పడుతుంది. తిప్పిన తర్వాత హాయిగా అనిపించవచ్చు, ఏమీ అనిపించకపోవచ్చు. ఏమీ అనిపించకపోయినా ఆ తిప్పడం జరిగినట్టే. ఈ పద్నాలుగు రోజులూ మిమ్మల్ని మీరు అడగాల్సింది "తిరిగానా?" అని. "ఏమనిపించింది?" అనే ప్రశ్న పక్కన పెట్టండి.

ఒత్తిడిలో ఈ ఎరుక ఎందుకు పోతుందో కూడా తెలుసుకుంటే మేలు. భయమో కోపమో కలిగినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పొట్ట వదిలి పైకి ఎక్కుతుంది, ధ్యాస మొత్తం ఎదురుగా ఉన్న ముప్పు మీదికే కుదించుకుపోతుంది. కాలిబాట మీద పాము కనబడితే పాము తప్ప ఇంకేమీ కనబడనట్టు. ఆ ఏర్పాటు మన ప్రాణం కాపాడటానికే శరీరంలో ఉంది. చిక్కు ఏమిటంటే, ఒడియాలో వచ్చిన నోటీసు కాగితం చూసినా, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్ ఎత్తకపోయినా శరీరం అదే పని చేస్తుంది. అందువల్ల "నాకు విశ్వాసం తక్కువ, అందుకే ఆ సమయంలో దేవుడు గుర్తు రాలేదు" అని కుంగిపోకండి. ముందు ఊపిరి సర్దుకోవాలి, తర్వాత మాట. కింద చెప్పే పద్ధతి ఆ వరుసలోనే ఉంది.

ఒక్క వాక్యం ఎంచుకోండి

దాదాపు పదహారు వందల ఏళ్ల కిందట కాసియన్ అనే సన్యాసి, ఐగుప్తు ఎడారి సన్యాసుల దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటి రాసిపెట్టాడు. ఆకలైనా, నిద్ర పట్టకపోయినా, కోపం వచ్చినా, సంతోషం కలిగినా ఒకే ఒక్క కీర్తన వాక్యాన్ని పట్టుకోవడం. దేవా, నా సహాయానికి త్వరగా రా అనే 70వ కీర్తన మొదటి వచనం అది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో సుంకరి ప్రార్థనలోని "పాపినైన నన్ను కరుణించుము" అనే మాటల్ని యేసు నామంతో కలిపి ఇలాగే చెప్పుకుంటారు. వాక్యం ఏదైనా ఫర్వాలేదు. ఒకటే ఉండాలి, పొట్టిగా ఉండాలి.

పొట్టిగా అంటే ఎంత? ఊపిరి పీల్చేటప్పుడు ఏడెనిమిది అక్షరాలు, వదిలేటప్పుడు తొమ్మిది పది. ఉదాహరణకు:

పీలుస్తూ: యేసయ్యా, ఇక్కడున్నావు.
వదులుతూ: నన్ను పట్టుకో, నీ పిల్లని.

కూర్చుని ఒకసారి సరిచూసుకోండి. మనసులో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. అంటే ఒక ఊపిరికి పది సెకన్లు, నిమిషానికి ఆరు. వదలడం నిదానమైతే గుండె వేగం తగ్గుతుంది, అందుకే ఆ వైపు రెండు లెక్కలు ఎక్కువ. బలవంతంగా ఛాతీ నిండా పీల్చకండి, మధ్యలో బిగపట్టకండి. లోతుగా, వేగంగా పీలిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. అది చూసి కొందరు ఆత్మానుభవం అనుకుంటారు, కొందరు భయపడి మానేస్తారు. రెండూ పొరపాటే. ఉబ్బసం ఉన్నవాళ్లు, నెలలు నిండిన తల్లులు లెక్క వదిలేసి మామూలు ఊపిరితోనే మాట కలుపుకోవచ్చు.

ఇక భాష సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది ప్రార్థన బిగుసుకుపోతుంది. మనం వాక్యాన్ని పాత అనువాదంలో చదువుతాం, "యెహోవా, నా మొర ఆలకించుము" అంటాం. ఆ మాటలకు ఒక బరువు, ఒక అందం ఉన్నాయి. కంఠతా వచ్చిన కీర్తన కష్టంలో కర్రలా ఆసరా ఇస్తుంది, దాన్ని వదలమని ఎవరూ అనరు. కానీ రోజంతా బజారులో ఒక భాష, ఆఫీసులో ఇంకో భాష మాట్లాడి, దేవుడి దగ్గరికి వచ్చేసరికి మూడో భాష వెతుక్కుంటే, దేవుడు కూడా మన రోజులో లేనివాడిలా అనిపిస్తాడు. పర్లాకిమిడి వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మాట్లాడే తెలుగులోనే రాయాలి, చదువు చెప్పాలి అని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఎవరూ పట్టించుకోని సవర గిరిజనుల మాటను కూర్చుని నేర్చుకుని, దానికి వాచకాలు, నిఘంటువు తయారు చేసిందీ ఆయనే. ఇంట్లో అమ్మతో ఎలా మాట్లాడతారో అలాగే దేవుడితో మాట్లాడండి. మధ్యలో ఒడియా మాట దొర్లితే దొర్లనివ్వండి. "ప్రభువా, ఆ కాగితం ఈరోజైనా సంతకమయ్యేలా చూడు, నాకు ఓపిక లేదు" అన్నది నిండు ప్రార్థనే.

వాక్యం ఎంచుకున్నాక పద్నాలుగు రోజులు మార్చకండి. మూడో రోజుకల్లా రుచి తగ్గినట్టుంటుంది, ఇంకో మంచి వచనం కనబడుతుంది. మారిస్తే మళ్లీ మొదటికి వస్తారు, ఎందుకంటే ఒత్తిడి వేళ నాలుక మీదికి వచ్చేది ఎక్కువసార్లు చెప్పిన మాటే.

ఆ వాక్యాన్ని రోజులో ఎక్కడ కట్టాలి

"వీలైనప్పుడల్లా గుర్తు చేసుకుంటాను" అనుకున్నవాళ్లు సాయంత్రానికి ఒక్కసారీ గుర్తు చేసుకోరు. వీలు అనేది దొరకదు. అందుకని మీరు ఎలాగూ చేసే పనికి ఆ వాక్యాన్ని ముడి వేయాలి. మొదటి వారం ఒకే ముడి. రెండో వారం మూడు. మొదటి రోజే పది పెట్టుకున్నవాళ్లు ఐదో రోజుకు అన్నీ వదిలేస్తారు.

ముడి వేసే పని ఎలా ఉండాలంటే, ప్రతిరోజూ జరగాలి, చేతికో కాలికో తగలాలి, దాని తర్వాత కనీసం పది సెకన్ల ఖాళీ ఉండాలి. కొట్టు షట్టరు ఎత్తి హుక్కు వేయడం. బోరింగు దగ్గర బిందె పెట్టి మొదటి ధార పడేదాకా కొట్టడం. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడం. బండి స్టాండు తీయడం. వార్డులో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేముందు చేతులు కడుక్కోవడం. నర్సులకు ఇంతకన్నా మంచి ముడి లేదు, డ్యూటీలో ఎన్నోసార్లు వస్తుంది, సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దాలి కూడా. ఆ ఇరవై సెకన్లలో రెండు ఊపిరులు పడతాయి.

ఫోన్లో అలారం పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. పెట్టుకోకపోవడమే మంచిది. అలారం ఆపడానికి ఫోన్ చేతిలోకి తీసుకుంటారు, అక్కడ నాలుగు మెసేజీలుంటాయి, మనసు వాటివైపు పోతుంది. పైగా అలారం మోగేది మీరు గిరాకీతో మాట్లాడుతున్నప్పుడో, ఇంజెక్షన్ ఎక్కిస్తున్నప్పుడో. నాలుగు రోజులకు ఆ మోతంటేనే విసుగు పుడుతుంది.

ముడి మరిచిపోతే? మరిచిపోతారు. మొదటి వారం ఏడు రోజుల్లో మూడు నాలుగు రోజులు గుర్తుంటే అది మంచి మొదలే. మధ్యాహ్నం రెండింటికి "అయ్యో, పొద్దున షట్టరు దగ్గర మరిచిపోయాను" అని తట్టిందనుకోండి, ఆ తట్టిన క్షణంలోనే ఒక ఊపిరి వాక్యం చెప్పుకుని ముందుకు సాగండి. తిట్టుకోవడం వద్దు. తిట్టుకుంటే చూపు మళ్లీ మీ మీదికే వస్తుంది, దేవుడి మీద ఉండదు. రెండు మూడు రోజులు ఇలా తిట్టుకుంటే, గుర్తు రావడమే బాధ అనిపించి, మనసు గుర్తు చేయడం మానేస్తుంది.

పొద్దున: ఎసరు

ఇంట్లో వంట చేసేవాళ్లకు పొద్దున దొరికే ఏకాంతం ఇదే. బియ్యం కడిగి పక్కన పెట్టారు, ఎసరు పొయ్యి మీద ఉంది. నలుగురికి సరిపడా నీళ్లు గ్యాసు మీద మరగడానికి సుమారు ఏడెనిమిది నిమిషాలు. ఆ కాసేపట్లో కూర తరగడం, ఫోన్ చూడటం, పిల్లల్ని లేపడం అలవాటు. వారంలో మూడు రోజులు ఆ కాసేపు ఏమీ చేయకండి. స్టూలు వేసుకునో, గోడకు ఆనుకునో గిన్నె వైపు చూస్తూ కూర్చోండి.

మొదట నీళ్లు కదలవు. అప్పుడు వాక్యంతో ఆరు ఊపిరులు, అంటే ఒక నిమిషం. తర్వాత గిన్నె అడుగున, అంచుల వెంబడి ఆవగింజంత బుడగలు అంటుకుని కనబడతాయి. అప్పుడు ఈరోజు మీకు భయంగా ఉన్న ఒక్క సంగతి పేరు పెట్టి చెప్పండి. "అన్ని సమస్యలూ" అనకండి. "పదకొండు గంటలకు కిస్తీ కట్టాలి, రెండు వేలు తక్కువ ఉన్నాయి" అని చెప్పండి. చుట్టుపక్కల భయాలన్నీ కలిసి ఒకటే మబ్బులా ఉన్నంతసేపు దాన్ని దేవుడి చేతికి ఇవ్వలేరు. ఆవగింజల్లాంటి బుడగలు విడివడి పైకి లేస్తుంటాయి, నీళ్లు సన్నగా పాడతాయి. అప్పుడు ఈరోజు మీకు ఎదురుపడబోయే ఒక మనిషిని తలుచుకోండి, ముఖ్యంగా మీకు పడని మనిషిని. ఆ మనిషికి మేలు చేయమని ఒక్క మాట. మూత కదలడం మొదలైంది, ఆవిరి తన్నుకొస్తోంది. "ఆమెన్" అని లేచి బియ్యం వేయండి.

టైము చూడక్కర్లేదు, ఎసరే చెబుతుంది. చోడి అంబలి కాచేవాళ్లకు ఇది కుదరదు, కలుపుతూనే ఉండాలి, లేకపోతే ఉండ కడుతుంది. వాళ్లు తెడ్డు తిప్పే లయకు వాక్యం కలుపుకోవచ్చు. మగవాళ్లు కూడా వారంలో ఒక రోజు ఎసరు పెట్టే పని తీసుకుంటే ఇల్లాలికి ఊపిరాడుతుంది, ఆయనకూ ప్రార్థన దొరుకుతుంది.

ఒత్తిడి నెత్తి మీద ఉన్నప్పుడు

ఆఫీసు కిటికీ దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాక లోపలి నుంచి "కాలి ఆసంతు" అని వినబడుతుంది. రేపు రమ్మని. పొలం కాగితం ఒడియాలో ఉంది, మీకు లిపి కూడబలుక్కోవడమే వచ్చు. వెనక నుంచి నెడుతున్నారు. కోపం గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు కళ్లు మూసుకుని ప్రార్థించే వీలు లేదు.

నెహెమ్యా ఇలాంటి చోటే ఉన్నాడు. పారసీక రాజుకు గిన్నె అందించే కొలువు అతనిది. నీ ముఖం ఎందుకు చిన్నబోయింది, నీకేం కావాలి అని రాజు అడిగాడు. తప్పు మాట వస్తే కొలువే కాదు, తలే పోవచ్చు. రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఉన్న ఆ సందులో అతను పరలోకపు దేవునికి ప్రార్థన చేశాడు, తర్వాత నోరు తెరిచాడు (నెహెమ్యా 2:4). అది ఒక్క ఊపిరికి మించి ఉండదు. అయితే మొదటి అధ్యాయం కూడా చదవండి. దానికి ముందు, కిస్లేవు నుంచి నీసాను దాకా సుమారు నాలుగు నెలలు అతను ఆ సంగతి గురించే ఏడుస్తూ, ఉపవాసముంటూ ప్రార్థిస్తున్నాడు. ఆ ఒక్క ఊపిరి వెనక అదంతా ఉంది. ఎసరు దగ్గర కూర్చోకుండా కిటికీ దగ్గర మాత్రమే దేవుణ్ణి తలవాలనుకుంటే ఎందుకు కుదరదో ఇక్కడ తెలుస్తుంది.

కిటికీ దగ్గర చేయాల్సింది ఇది, మొత్తం అర నిమిషం. రెండు అరికాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో గమనించండి. చేతిలో కాగితాన్ని నలిపేస్తుంటే పట్టు సడలించండి. ఊపిరి ముందుగా వదలండి, కోపంలో ఛాతీ అప్పటికే నిండి ఉంటుంది కాబట్టి పీల్చడంతో మొదలుపెడితే బిగుసుకుంటుంది. తర్వాత వాక్యంతో రెండు ఊపిరులు, కళ్లు తెరిచే. కిటికీ అవతలి మనిషి ముఖం ఒకసారి సరిగ్గా చూడండి. యేసయ్య మీ పక్కనే ఉన్నట్టే అతని పక్కనా ఉన్నాడు. అప్పుడు అడగాల్సింది అడగండి: ఏ కాగితం తక్కువైంది, ఎవరి సంతకం కావాలి, రేపు ఎన్ని గంటలకు. రాసుకోండి. దేవుని సన్నిధిలో ఉన్నామంటే హక్కు వదులుకుని తిరిగి రావాలని అర్థం కాదు. గొంతు పెంచకుండా గట్టిగా అడగడానికి ఆ అర నిమిషం పనికొస్తుంది.

దూరాన ఉన్న పిల్లల ఫోన్ల విషయంలో చిన్న సూచన. రింగ్ మోగగానే ఎత్తకుండా, రెండో రింగ్ దాకా ఒక ఊపిరి వాక్యం చెప్పుకుని ఎత్తండి. మీ గొంతులో మొదటి మాట "ఏమైందిరా?" అనే కంగారుగా రాదు. అవతల బిడ్డకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

పని చేస్తూ ఉండగా

17వ శతాబ్దంలో పారిస్ నగరంలో, కర్మెలు సభ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. యుద్ధంలో కాలు దెబ్బతిని కుంటేవాడు. అతనికి అప్పగించింది వంటగది, ఆ పని అతనికి స్వతహాగా గిట్టేది కాదు. తర్వాత చెప్పులు కుట్టే పని ఇచ్చారు. గిన్నెల చప్పుళ్ల మధ్య, నలుగురూ నాలుగు అడుగుతున్నా, మోకరించినప్పటి నెమ్మదితోనే దేవుడితో ఉండటం నేర్చుకున్నాడు. అతని గురించి చెప్పేవాళ్లు ఒక సంగతి తరచూ వదిలేస్తారు: మొదటి పదేళ్లు చాలా కష్టపడ్డానని అతనే చెప్పుకున్నాడు. పద్నాలుగో రోజున మీకు పెద్దగా మారినట్టు అనిపించకపోతే ఆ పదేళ్లు గుర్తు చేసుకోండి.

పనులన్నీ ఒక రకం కావు. చేతులు మాత్రమే అడిగే పనులు వేరు: బట్టలు పిండటం, జీడిపప్పు పొట్టు తీయడం, కలుపు తీయడం, ఊడ్వడం. వీటిలో వాక్యం లయగా సాగుతుంది, కావలసినంతసేపు చెప్పుకోండి. తల అడిగే పనులు వేరు: లెక్కలు రాయడం, మందు మోతాదు చూడటం, బండి నడపడం, పాఠం చెప్పడం. వీటి మధ్యలో వాక్యం దూర్చకండి. మందు మోతాదు తప్పితే ప్రాణం పోతుంది. అలాంటి పనికి ముందు ఒక ఊపిరి, "ప్రభువా, ఇది నీ కోసం, నా తల సరిగ్గా పనిచేయనివ్వు" అని. అయిపోయాక ఒక ఊపిరి, "స్తోత్రం" అని. మధ్యలో మనసంతా పని మీదే పెట్టడం కూడా ఆయనకు ఇచ్చే కానుకే. దేవుణ్ణి తలవలేదే అని అప్పుడు నొచ్చుకోవడంలో అర్థం లేదు.

రైల్లో వెళ్లేవాళ్లకు నౌపడ–గుణుపురం లైను ఒక వరం. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలుగా మొదలైన దారి అది, 2011 నుంచి పెద్ద పట్టాల మీద నడుస్తోంది. స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్ దాకా కిటికీ బయటికి చూడండి, కొండలు, పొలాలు, గట్టు మీద నడిచే మనుషులు. కనబడిన ఒక్కొక్కరి కోసం ఒక్కో మాట. తర్వాతి స్టేషన్ వచ్చాక మామూలుగా ఫోన్ చూసుకోవచ్చు. ప్రయాణమంతా ప్రార్థిద్దామనుకుంటే రెండో రోజే మానేస్తారు. ఒక్క స్టేషన్ అంటే నిలుస్తుంది.

రాత్రి: మూడు గీతలు

16వ శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలా తన సహచరులకు రోజును తిరిగి చూసుకునే పద్ధతి నేర్పాడు, కృతజ్ఞతతో మొదలుపెట్టి అయిదు మెట్లుగా. అలసిపోయి వచ్చిన మనిషికి అయిదు ఎక్కువ. మూడు గీతలకు కుదించుకుంటే పది నిమిషాల్లో అవుతుంది. పక్క మీద పడుకుని చేస్తే నిద్ర వస్తుంది, కూర్చునే చేయండి. భోజనం అయిన వెంటనే కూడా వద్దు, తల వాలుతుంది.

పొద్దున లేచిన దగ్గర్నుంచి గంట గంటగా, గది గదిగా రోజును వెనక్కి చూసుకోండి. నోటు పుస్తకంలో మొదటి గీత: ఈరోజు అడక్కుండా దొరికింది ఏమిటి? "దేవుని కృప" అని రాయకండి, ప్రతిరోజూ అదే రాస్తారు. "పక్కింటి ఒడియా అమ్మ పిండివంట గిన్నె పంపింది" అని రాయండి. రెండో గీత: ఎక్కడ దేవుణ్ణి మరిచి కొట్టుకుపోయాను? ఒక్క సందర్భం, చోటు, సమయంతో. మూడో గీత: రేపు అదే చోట ఏం చేస్తాను?

వారం అయ్యాక ఆ రెండో గీతల్ని వరుసగా చదవండి. దాదాపు ప్రతివాళ్లకూ అవి ఒకటి రెండు చోట్లే పోగుపడతాయి. కొందరికి సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా, పిల్లల చదువు, వంట, ఇంటాయన రాక అన్నీ ఒకేసారి మీద పడే గంట. కొందరికి ఫలానా మనిషితో మాట్లాడిన ప్రతిసారీ. రెండో వారం కొత్త ముడి ఎక్కడ వేయాలో అక్కడే తెలుస్తుంది.

పిల్లలతో అయితే పుస్తకం వద్దు. "ఈరోజు ఎక్కడ నవ్వావు? ఎక్కడ ఏడుపొచ్చింది? అక్కడ యేసయ్య ఏం చేస్తూ ఉండి ఉంటాడు?" అని అడగండి. వాళ్ల జవాబు సరిదిద్దకండి.

ఎక్కడ చెడుతుంది

ఏమీ అనిపించని రోజులు వరుసగా వస్తాయి. అది తప్పు చేసిన గుర్తు కాదు. "ఎంతకాలము?" అని నాలుగుసార్లు అడిగిన 13వ కీర్తన కూడా ప్రార్థనగానే మన చేతికి వచ్చింది. ఆ రోజుల్లో వాక్యం బదులు ఆ కీర్తన చదువుకోండి. దేవుడు దూరమయ్యాడని దేవుడితోనే చెప్పడం కూడా ఆయన వైపు తిరగడమే.

ప్రార్థనను తప్పించుకునే దారిగా వాడటం ఇంకో చిక్కు. అప్పు సంగతి భార్యకు చెప్పాలి, చెప్పకుండా రోజూ దేవుడికే చెప్పుకుంటారు. రెండో గీతలో ఒకే సంగతి అయిదు రోజులు వరుసగా వస్తే, ఆరో రోజు మూడో గీతలో ఒక మనిషి పేరు, కలవాల్సిన సమయం రాయాలి. ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటుంటే, ఊపిరి ప్రార్థనతో ఓర్చుకోమని ఎవరు చెప్పినా వినకండి. ముందు భద్రమైన చోటికి చేరండి, నమ్మకమైన వాళ్లకు చెప్పండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రెండు వారాలకు పైగా నిద్ర లేకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం, బతకడం ఎందుకు అనిపించడం ఉంటే అది విశ్వాసం లోపం కాదు, వైద్యం కావలసిన స్థితి. డాక్టర్ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఏలీయా చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడిపోయినప్పుడు దూత ప్రసంగం చేయలేదు. కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి పెట్టి, తిను అన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు (1 రాజులు 19). నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తర్వాతే. మందు వేసుకోవడం, కడుపునిండా తినడం, నిద్రపోవడం దేవుడి చేతి నుంచి పుచ్చుకున్నవే అనుకోండి.

ఒంటరిగా చేస్తే జారిపోతుంది, కాబట్టి ఇద్దరు ముగ్గురు కలవండి. వారానికి ఒకసారి, ఆరాధన అయ్యాక పదిహేను నిమిషాలు చాలు. ఒక్కొక్కరు ఒక మొదటి గీత, ఒక రెండో గీత చదవాలి. సలహాలు ఇవ్వకూడదు, విన్నది బయట చెప్పకూడదు. మన సంఘాల్లో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. ఎవరి భాషలో వాళ్లు చదవచ్చు, అర్థం కాని మాట పక్కవాళ్లు చెబుతారు.

తుఫాను రాత్రుల గురించి కూడా ఇక్కడివాళ్లకు చెప్పాలి. 2013లో ఫైలిన్ ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లా కొండ ఊళ్ల మీద కొండచరియలు విరుచుకుపడేలా చేసింది. హెచ్చరిక వస్తే ముందు ప్రార్థన కాదు, ముందు షెల్టరుకు వెళ్లడం. కాగితాలు, మందులు, నీళ్లు, టార్చి సంచిలో వేసుకుని, ముసలివాళ్లను తీసుకుని వెళ్లండి. అక్కడ చేరాక, కరెంటు పోయి, గాలి హోరు తప్ప ఏమీ వినబడనప్పుడు పొడుగు ప్రార్థనకు మాటలు దొరకవు. పక్కనున్న బిడ్డ వీపు మీద చెయ్యి వేసి, మీ ఊపిరి లయకు చెయ్యి నెమ్మదిగా కదుపుతూ, ఇన్నాళ్లూ షట్టరు దగ్గరా ఎసరు దగ్గరా చెప్పుకున్న ఆ ఒక్క వాక్యాన్నే వాళ్లకు వినబడేటట్టు చెప్పండి. కాసేపటికి బిడ్డ కూడా అందుకుంటుంది.